రెండో శేషగిరి

ఆ ఇంట్లో ఇద్దరికీ సొంత పేరు లేదు. ఆయన్ని నందిగామంతా శేషగిరి అంటుంది, అది ఆయన పేరు కాదు. ఆమెను జయమణి అంటుంది, అది ఆమె పేరు కాదు. ఆయన పేరు దేవరాజ్. ఆమె పేరు సూసన్. ఊరు ఏమైనా అనుకోనీ, ఈ కథలో మాత్రం ఆమెను సూసన్ అనే పిలుద్దాం. ఆ మాత్రం మర్యాద ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

ఆయన పేరు మారడం ఒక నవ్వులాట. నేవీలో చేరాక మొదటిసారి సెలవు మీద వచ్చి నందిగామ బస్టాండులో దిగాడు. తెల్ల బట్టలు, తెల్ల టోపీ, టోపీ చుట్టూ నల్ల పట్టీ, దాని మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. సోడా కొట్టు పెద్దమనిషికి కాస్త ఇంగ్లీషు వచ్చు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ఐ, ఎన్, ఎస్, శేషగిరి. మన వైపు పేరుకు ముందు పొడి అక్షరాలుంటే అవి ఇంటిపేరు కాక ఇంకేమవుతాయి?

"ఐ.ఎన్.ఎస్. శేషగిరి గారా! రండి, కూర్చోండి. ఐ అంటే ఏ ఇంటిపేరండీ? మీది ఏ ఊరు?" అని తువ్వాలుతో బల్ల తుడిచి మరీ కూర్చోబెట్టాడు.

అది మనిషి పేరు కాదనీ, తాను పనిచేసే యుద్ధనౌక పేరనీ చెప్పడానికి దేవరాజ్ నోరు తెరిచాడు. తెరిచి మళ్ళీ మూసేసుకున్నాడు. నేవీకి పోకముందు ఇదే కొట్టు దగ్గర "ఒరే దేవరాజూ, అవతల నిలబడి తాగరా" అన్నది ఈ పెద్దమనిషే. మొహం అదే, ఒళ్ళు అదే. తెల్ల బట్టలూ శేషగిరి అనే పేరూ వచ్చేసరికి "ఒరే" పోయి "గారు" వచ్చింది. నిజం బయటపడ్డాక బజారంతా పడీ పడీ నవ్వింది, కానీ పేరు అంటుకుపోయింది. చర్చిలో పాస్టరు గారు కూడా పట్టుకుని అడిగారు, "ఏం దేవరాజూ, కొండ మీద దేవుడి పేరు పెట్టుకున్నావంట?" అని. "దేవుడి పేరు కాదండి, నా ఓడ పేరు" అన్నాడు గర్వంగా. ఆ పేరంటే ఆయనకు అంత ఇష్టం.

సూసన్ పేరు పోవడం మాత్రం నవ్వులాట కాదు.

జయమణి దేవరాజ్ మొదటి భార్య. వైజాగ్ క్వార్టర్స్‌లో కొన్నాళ్ళు కాపురం చేసి, కూతురు జాయిస్ పుట్టాక నందిగామ అత్తగారింటికి వచ్చింది. పిల్లకు ఇంకా మాటలు రాకముందే పచ్చకామెర్లు వచ్చి చనిపోయింది. అప్పుడు శేషగిరి ఎక్కడో నడిసముద్రంలో ఉంది. టెలిగ్రాం వైజాగ్ చేరి, కబురు ఓడ చేరి, ఓడ రేవు చేరి, ఆయన నందిగామ చేరేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయి ఉంది. దాని ముందు కాసేపు నిలబడ్డాడట. ఏడవలేదట. సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు, పసిపిల్లను సాకడానికి మనిషి కావాలని తల్లి మార్తమ్మ పోరు పెట్టి, జగ్గయ్యపేట సూసన్‌తో పెళ్ళి జరిపించింది.

పెళ్ళయి ఆయన ఓడకు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున మార్తమ్మ పొయ్యి దగ్గర నుంచి, "జయమణీ, నీళ్ళు తోడమ్మా" అని కేకేసింది. కేకేసి తానే ఉలిక్కిపడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయిన కోడలంటే ఆ ముసలామెకు ప్రాణం. సూసన్‌కు జాలేసింది. అప్పటికామె పాతికేళ్ళు కూడా లేని పిల్ల. చేద బావి దగ్గరే వదిలేసి వచ్చి, "పర్లేదత్తా, అట్నే పిలువు. నేను పలుకుతాగా" అంది.

ఒక్క పూటకని ఇచ్చిన మాట అది. తరవాత మార్తమ్మ అలాగే పిలిచింది. మార్తమ్మను చూసి వీధి పిలిచింది. వీధిని చూసి చర్చి పిలిచింది. బడిలో టీచరు "మీ అమ్మ పేరేంటమ్మా?" అని అడిగితే జాయిస్ "జయమణి" అని చెప్పింది. అందులో తప్పెక్కడుంది? ఎటు నుంచి చూసినా అది నిజమే. సూసన్ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి ఇంటి ముందు బోర్డు పెట్టించుకుంటే, పెయింటరు అడక్కుండానే "జయమణి లేడీస్ టైలర్" అని రాసి డబ్బులు తీసుకుపోయాడు. రేషన్ కార్డులో సూసన్ అనే ఉండేది. అయినా డిపో అబ్బాయి కార్డు చూసి కూడా "జయమణక్కా, ఇక్కడ వేలు పెట్టు" అనేవాడు.

మరి మొగుడు? సెలవుకు వచ్చినప్పుడు దేవరాజ్ చుట్టుపక్కల పిలుపులన్నీ విన్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఆయన "ఏమే" అనేవాడు. ఎదురుగా లేకపోతే "ఇదిగో" అనేవాడు. ఆ రెండు మాటలతోనే నలభై ఏళ్ళు కాపురం గడిచిపోయింది.

జగ్గయ్యపేటలో మాత్రం సూసన్ బతికి ఉండేది. అక్కడ నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. సాయంత్రం కనుబొమ్మల దాకా తెల్లగా సున్నం పట్టిన మొహంతో వచ్చి, గుమ్మంలోంచే "సూసీ, ఏడున్నవే?" అని పిలిచేవాడు. పాలేరు వాగులో గుడ్డలుతుకుతుంటే గట్టు మీద నుంచి అమ్మ పిలిచేది. వాళ్ళిద్దరూ పోయాక అన్న ఏసురత్నం మిగిలాడు. వారానికోసారి ఫోను చేసి, "సూసీ, తిన్నావా?" అని అడిగి, ఇంకేం మాట్లాడాలో తెలియక పెట్టేసేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం సూసన్ వారమంతా ఎదురుచూసేది. మొన్న చలికాలంలో ఏసురత్నం కూడా పోయాడు. మట్టిచ్చి తిరిగి వస్తూ బస్సులో ఆమెకు తట్టింది. ఇక తన పేరు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు, తెలిసినా పిలిచేవాళ్ళు లేరు.

ఆ దిగులు మీద ఈస్టరు వచ్చింది. ఏటా లాగే ముందురోజు వెళ్ళి జయమణి సమాధికి సున్నం కొట్టి, రాతి మీద అక్షరాలకు నల్ల రంగు దిద్దుతోంది. పక్క సమాధి కడుగుతున్న గ్రేసీ, వాళ్ళ వీధి మనిషే, చూసి నవ్వింది. "ఏం జయమణక్కా, నీ రాయి నువ్వే ముందు రాసుకుంటున్నావా?"

సరదాకే అంది పాపం. సూసన్ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. రేపు తాను పోతే రాతి మీద ఏం రాస్తారు? సూసన్ అని రాస్తే ఆ సూసన్ ఎవరని ఊరు అడుగుతుంది. జయమణి అని రాస్తే ఒకే సమాధుల తోటలో ఒకే మొగుడి పెళ్ళాలు ఇద్దరూ ఒకే పేరుతో పడుకోవాలి. అరవై దాటిన మనిషికి చావంటే భయం లేదు. తాను తానుగా కాకుండా పోతానేమోనన్నదే ఆమె భయం. కానీ ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే ఇన్నేళ్ళ తరవాత ఇదేం చాదస్తం అంటారు.

అలాంటి రోజుల్లో వైజాగ్ నుంచి ఫోనొచ్చింది. బసవయ్య. జి.కొండూరు మనిషి, శేషగిరి బాయిలర్ రూములో దేవరాజ్‌తో కలిసి చెమటోడ్చినవాడు, రిటైరై అక్కడే స్థిరపడ్డాడు. దేవరాజ్ చెవులు బాయిలర్ల హోరుకు ఎప్పుడో మొద్దుబారాయి కాబట్టి ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు. అవతల బసవయ్య అరిచే అరుపులు వీధి చివరి దాకా వినిపిస్తాయి.

"ఒరేయ్, మన శేషగిరి మళ్ళీ వస్తంది! కొత్త ఓడ కట్టారు. అదే పేరు పెట్టారు. వచ్చే నెల కమిషనింగు, మొదటి జెండా ఎక్కిస్తారు. పాత శేషగిరి వాళ్ళందర్నీ భార్యలతో రమ్మన్నారు."

దేవరాజ్ మొహం జేవురించింది. "పేరు పెడితే అదే అయిపోద్దా? మన శేషగిరిని గ్యాసు కట్టర్లతో ముక్కలు కోసి అమ్మారు గదరా. ఇది ఎవరో, అది ఎవరో. చచ్చినదాని పేరు తెచ్చి ఇంకోదానికి తగిలిస్తే అదేం న్యాయం? కొత్తదానికైనా మర్యాద ఉండొద్దా? దాని బతుకు దానికి ఉండొద్దా?"

కిటికీ పక్కన జాకెట్టుకు హుక్కులు కుడుతున్న సూసన్ చేతిలో సూది ఆగిపోయింది.

ఫోను పెట్టేశాక కూడా ఆయన ఆ మాటే పట్టుకున్నాడు. ఆ వారమంతా టీ కొట్టులో అదే, చర్చి అరుగు మీద అదే. ఒకరోజు అన్నం దగ్గర మళ్ళీ మొదలెట్టాడు. "నువ్వే చెప్పవే. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే..."

"నాకు పెట్టినప్పుడు ఏమన్నావయ్యా?" అంది సూసన్.

నలభై ఏళ్ళ మాట. పప్పు గరిటె చేత్తో పట్టుకుని మామూలుగా అనేసింది.

"ఏంటీ?" అన్నాడు దేవరాజ్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఏం లేదు. అన్నం తిను."

చెవిటి మొగుడితో కాపురం చేసేవాళ్ళకే తెలుస్తుంది. కొన్ని మాటలు రెండోసారి చెప్పడానికి నోరు రాదు.

ఆయన్ని ఒప్పించింది మాత్రం బసవయ్యే. మళ్ళీ ఫోను చేసి ఈసారి తిట్టాడు. "ఒరే మూర్ఖుడా, పాతదాన్ని సాగనంపకుండా ఏ పేరూ కొత్తదానికి ఇవ్వరు. మనమే కదరా సాగనంపింది? సూర్యుడు కుంకేటప్పుడు జెండా దించారు, నువ్వూ నేనూ ఏడ్చాం. అందరం నిలబడి సెలవిచ్చాం. ఆ తరవాత ఇన్నేళ్ళు ఆ పేరును ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఇచ్చారు. అట్టా ఇచ్చినదానికి తప్పేముంది?"

దేవరాజ్ మెత్తబడ్డాడు. ఆ రోజు సంగతి సూసన్‌కు బాగా గుర్తు. పాత ఓడకు వీడ్కోలని వైజాగ్ వెళ్ళొచ్చి, రెండు పూటలు అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇనుముకు ఇంత ఏడుపా అని అప్పుడామె మనసులో విసుక్కుంది కూడా. కానీ ఆ ఓడంటే ఆమెకూ ప్రేమే. ఎన్నడూ ఎక్కకపోయినా దాన్ని కళ్ళు మూసుకుని చూడగలదు. వేసవి సాయంత్రాలు మంచం వాకిట్లో వేసుకుని, మిరపకాయల ఘాటు గాలిలో తేలుతుంటే ఆయన చెప్పిన కబుర్లే అన్నీ. బాయిలర్ రూములో దిగితే చెమటకు చొక్కా పిండుకోవాల్సి వచ్చేదనీ, తుఫానులో పప్పు గిన్నె గాల్లోకి లేచి బసవయ్య నెత్తిన పడిందనీ, పైకి వచ్చి మొదటి గాలి పీలిస్తే అమ్మ ఒళ్ళో పడుకున్నట్టుండేదనీ. ఆ కబుర్ల కోసమే ఆమె మంచం పక్కన చాప వేసుకునేది.

"సరే వస్తాంలే" అన్నాడు దేవరాజ్ ఫోనులో.

"పాసులు తియ్యాలి. వదిన పేరు చెప్పు, ఆధార్‌లో ఉన్నట్టు."

దేవరాజ్ తల తిప్పి అడిగాడు. "ఏమే, ఆధార్‌లో నీ పేరేంటి?"

సూసన్ ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసింది. "సూసన్."

"సూసన్. రాసుకో, సూసన్" అన్నాడు ఆయన ఫోనుతో.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి నోట తన పేరు వినడం అదే మొదలు. అన్నది ఫోనుతో, ఆమెతో కాదు. అయినా ఆ సాయంత్రం ఆమె కుట్టిన జాకెట్టు చేతులు రెండూ తారుమారయ్యాయి, విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

ఇద్దరూ బస్సెక్కారు. పరిటాల ఆంజనేయుడి విగ్రహం దాటేదాకా దేవరాజ్ మాట్లాడలేదు. విజయవాడలో రైలెక్కాక మాత్రం నోరు మూయలేదు. సూసన్ కిటికీ పక్కన కూర్చుని ఊఁ కొట్టింది. రెడ్డిగూడెంలో టీచరుగా పనిచేసే జాయిస్ ఫోను చేసి, "అమ్మా, నాన్న మాత్రలు నువ్వే చూసుకో. ఎండలో ఎక్కువసేపు నిలబడనీకు" అని జాగ్రత్తలు చెప్పింది. జాయిస్‌ది కడుపులో పెట్టుకుని చూసుకునే గుణం. అమ్మా అనే పిలుపుకు పేరుతో పనిలేదు. అందుకే ఆ పిల్ల మీద సూసన్‌కు ఏనాడూ కోపం రాలేదు.

నేవీ గేటు దగ్గర వరసలో నిలబెట్టారు. తెల్ల బట్టల్లో చక్కటి అమ్మాయి ఒకతె పాసులు చూసి పేర్లు పిలుస్తోంది. ఆడపిల్లలు కూడా ఆ టోపీ పెట్టుకుంటున్నారా అని సూసన్ ముచ్చటగా చూస్తోంది.

"సూసన్ గారు!" అని పిలిచింది ఆ అమ్మాయి. ఎవరూ పలకలేదు. "సూసన్ గారు ఎవరండీ?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సూసన్ కూడా తిరిగి చూసింది. ఎవరో పాపం, పేరు పిలుస్తున్నా వినిపించుకోవడం లేదు అనుకుంది. మూడోసారి పిలిచేసరికి బసవయ్య వచ్చి, "వదినా, నిన్నే" అని భుజం తట్టాడు.

ఊరు మరిచిపోయిందని, మొగుడు మరిచిపోయాడని ఇన్నాళ్ళూ లోపల్లోపల సాధించింది. చివరికి తనకే గుర్తు లేదు. పాసు అందుకుని, సిగ్గుతో, దుఃఖంతో తల దించుకుని లోపలికి నడిచింది. దేవరాజ్ అది గమనించాడు. వరసలో ఆయన ఆమె పక్కనే ఉన్నాడు. పిలుపు చెవులకు అందకపోయినా, ఆమె వెనక్కి తిరిగి వెతకడం ఆయన కళ్ళకు అందింది. నడుస్తూ రెండుసార్లు ఆమె మొహంలోకి చూశాడు.

కొత్త శేషగిరి రేవులో నిలబడి ఉంది. బూడిద రంగు, నున్నటి ఒళ్ళు, పాతదానికంటే ఎంతో పెద్దది. బ్యాండు వాయించారు, ప్రసంగాలు చేశారు, మొదటిసారి జెండా ఎక్కించారు. కుర్చీల్లో ముసలాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. దేవరాజ్ చెయ్యి దానంతటదే నుదుటి దగ్గరకు పోయింది. తరవాత అందరినీ ఓడ ఎక్కనిచ్చారు. లోపల బాయిలర్లు లేవు, మసి లేదు, చెమట లేదు. అన్నీ బటన్లు, టీవీ తెరలు. దేవరాజ్ ఎందుకూ వంక పెట్టలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, "బాగుంది. దీని తీరున ఇది బాగుంది" అన్నాడు.

పైకి డెక్కు మీదకు వచ్చేసరికి వెనక నుంచి పెద్ద గొంతు ఒకటి వినిపించింది. "ఒరేయ్ దేవరాజ్!"

కమాండర్ వీరేంద్ర గారు. పాత శేషగిరిలో బాయిలర్ రూముకు అధికారి, ఏలూరు మనిషి. జాయిస్ పుట్టిన ఏడాదే బదిలీ మీద వెళ్ళిపోయారు, మళ్ళీ కలిసింది ఇదే. ఎనభై దాటినా ఇంజను హోరు మీద మాట్లాడిన అలవాటు పోలేదు. దేవరాజ్‌ను కౌగలించుకుని, సూసన్ వైపు తిరిగి చేతులు జోడించారు.

"జయమణి కదూ! ఎన్నేళ్ళయిందమ్మా నిన్ను చూసి! కుటుంబాలను ఓడ చూడ్డానికి రమ్మన్న రోజు గుర్తుందా? పసిదాన్ని చంకనేసుకుని బాయిలర్ రూము నిచ్చెన దగ్గర నిలబడి, లోపలికి తొంగిచూసి, 'మా ఆయన్ని తీసుకొచ్చి ఈ పొయ్యిలో పెట్టారా అండీ?' అని నన్ను నిలదీశావు! ఆ మాట చెప్పుకుని నేను బదిలీ అయ్యేదాకా మేమంతా నవ్వుకున్నాం."

సూసన్‌కు ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్ళూ జయమణి పేరు మోసింది, జయమణి సమాధికి సున్నం కొట్టింది, జయమణి బిడ్డను పెంచింది. కానీ ఆ మనిషి ఎలా మాట్లాడేదో, ఎలా నవ్వించేదో ఒక్కరూ చెప్పలేదు. అంత చురుకైన మనిషా! ఆమె నవ్వింది. అలవాటు ప్రకారం తలూపి, "గుర్తుందండి" అనబోయింది. అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

"ఆ మాటన్నది ఈమె కాదు సార్" అన్నాడు దేవరాజ్.

వీరేంద్ర గారు అర్థం కానట్టు చూశారు.

"అది జయమణి సార్. జయమణి..." మళ్ళీ ప్రయత్నించాడు. "జయమణి చచ్చిపోయింది సార్. మీరు బదిలీ అయిన మరుసటేడే. ఈమె జయమణి కాదు. ఈమె సూసన్. నా భార్య సూసన్."

జయమణి చచ్చిపోయింది అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. ఎలా అంటారు? జయమణి ఎదురుగా అన్నం వడ్డిస్తుంటే, జయమణిని నీళ్ళు తోడమంటుంటే, జయమణి వాకిలి ఊడుస్తుంటే ఆ మాట ఎలా వస్తుంది? ఒక్క పూటకని ఇచ్చిన పేరు ముసలామె ఏడుపును ఆపింది. కొడుకు ఏడుపును మొదలే కానివ్వలేదు. ఆ సంగతి సూసన్‌కు అప్పుడే, ఆ ఓడ మీదే అర్థమైంది.

దేవరాజ్ ఓడ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, భుజాలు అదిరిపోతున్నాయి. నోరు చిన్నపిల్లాడిలా వంకర్లు పోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు కొత్త ఓడను చూసిన ఆనందం అనుకుని పక్కకు తప్పుకున్నారు. వీరేంద్ర గారు నెమ్మదిగా దేవరాజ్ వీపు మీద చెయ్యివేసి, సూసన్‌కు తల వంచి నమస్కరించి వెళ్ళిపోయారు.

సూసన్ దగ్గరికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట వింది. వింటే పొంగిపోతాననుకుంది. కానీ ఇప్పుడు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నది తన కోసం కాదు. పొయ్యిలో పెట్టారా అని అధికారిని నిలదీసిన ఆ పడుచుపిల్ల కోసం. ఆ నవ్వును ఇంట్లో ఒక్కసారి కూడా తలుచుకోలేకపోయిన ఈ మొగుడి కోసం.

"సూసన్" అన్నాడు దేవరాజ్, సముద్రం వైపే చూస్తూ. ఈసారి ఫోనుతో కాదు, ఆమెతోనే. "దాని మీద పిడికెడు మట్టెయ్యడానిక్కూడా నేను లేను సూసన్."

"తెలుసయ్యా" అని కమ్మీ మీదున్న ఆయన చెయ్యి పట్టుకుంది సూసన్. "ఏడువు."